చదివాకే ముద్ర వేసిన నిదానమ్మ గారు

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం మన బీమా కార్యాలయపు ఇన్‌వార్డు విభాగంలో టైపిస్టుగా అడుగుపెట్టిన ఇరవై మూడేళ్ల యువతి, ముప్పై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, క్లెయిముల విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని మనమందరం పిలుచుకునే పేరు నిదానమ్మ గారు. ఆ పేరు మొదట వెనకాల పుట్టింది, తర్వాత ఎదుటికే వచ్చింది. వారు మాత్రం ఏనాడూ నొచ్చుకోలేదు.

ఆ పేరుకు కారణం వారి కార్యవిధానం. వచ్చిన దరఖాస్తు మీద ముందు ముద్ర గుద్ది, తీరిక చూసుకుని చదవడం అందరి అలవాటు. వారిది తలకిందుల పద్ధతి. దరఖాస్తుదారును ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా పైకి చదివి, “మీరు చెప్పదలచుకున్నది ఇదేనా?” అని అడిగి, అవునన్నాకే ముద్ర. వరస వీధి దాకా పెరిగేది. జాప్యం చేస్తున్నారని మెమో ఇస్తే, దాన్నీ పైకి చదివి, అందులో తేదీ తప్పుపడిందని మేనేజరు గారికి వినయపూర్వకంగా చూపించారని పాతవారు నేటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. “ఇంట్లోనూ ఇదే వరస. మందు సీసా మీద ఉన్నదంతా చదివి వినిపించేలోపు నా దగ్గు దానంతటదే తగ్గిపోయేది” అంటారు వారి అమ్మాయి.

రెండువేల మూడులో క్లెయిముల పరిశీలకులుగా, ఆ పిమ్మట విభాగాధిపతిగా పదోన్నతి పొందినా, కౌంటరులో మనిషి తక్కువైన రోజున తామే వెళ్లి కూర్చోవడం వారు మానలేదు. పన్నెండేళ్ల కిందట అలా కూర్చున్న ఒక సాయంత్రం, నాలుగు దాటాక, ఒక తల్లి వచ్చింది. వెంట చేతికి కట్టుతో కొడుకు. అతను దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరించే పనివాడు. అతను నడుపుతుండగా జరిగిన కారు ప్రమాదంలో కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పగానే వ్యాయామ చికిత్స మొదలుపెట్టకపోతే చెయ్యి బిగుసుకుపోతుందని, ఇక కత్తెర పట్టడం కష్టమని డాక్టరు చెప్పారు. ఆ చికిత్స చేయించే స్తోమత ఇంట్లో లేదు. బీమా దరఖాస్తుకు గడువు ముప్పై రోజులు. అది ముప్పయ్యో రోజు.

ఇన్నాళ్లూ ఆ తల్లి రాకపోవడానికి భయమే కారణం. తప్పు తేలితే పరిహారం సంగతి దేవుడెరుగు, లైసెన్సు లాక్కుని ఎదురు జరిమానా వేస్తారని పక్కింటావిడ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె కళ్ల ముందు జైలు గది, అందులో కొడుకు! రోజూ పొద్దున్నే ఫారం సంచిలో పెట్టుకునేది, గుమ్మం దాకా వచ్చి మళ్లీ బీరువాలో దాచేది.

నిదానమ్మ గారు కళ్లజోడు సవరించుకుని చదవడం ప్రారంభించారు. “‘రోడ్డుకు అడ్డంగా కుక్క వచ్చినందున’... కుక్కకేమైందమ్మా?”

“ఏ కుక్కండీ?”

“మీరు రాసిన కుక్క.”

“అదా... పారిపోయిందండీ.”

“ఏ రంగు?”

“నలుపు. అక్కడక్కడా తెలుపు.”

“మెడకు పట్టీ ఉందా? పెంపుడుదైతే యజమాని వాంగ్మూలం కూడా జతపరచాలి.”

లేని కుక్కకు రంగేసిన తల్లికి ఇప్పుడు దాని యజమానిని కూడా పుట్టించాల్సి వచ్చింది.

“కుక్క లేదు మేడమ్. ఖాళీ ప్లాస్టిక్ సంచి, గాలికి దొర్లుకుంటూ వచ్చింది. నేనే కుక్కనుకుని కెవ్వున అరిచాను. వాడు అదిరిపడి స్టీరింగు తిప్పేశాడు, దీపస్తంభానికి గుద్దుకున్నాం. తప్పంతా నాది. నన్నేం చేసినా సరే, వాడి చెయ్యి మాత్రం...”

“అమ్మా, తప్పెవరిదని ఈ ఫారంలో ఎక్కడ అడిగామో చూపించండి.”

ఆమె అన్ని పేజీలూ ముందుకీ వెనక్కీ తిప్పింది. “ఒక కాగితం తక్కువిచ్చారేమోనని నాకప్పుడే అనుమానం వచ్చింది మేడమ్.”

నిదానమ్మ గారు గట్టిగానే నవ్వారు. “ఇది తప్పుతో పనిలేని బీమా. తప్పు మీదైనా, మీవాడిదైనా, ఆ స్తంభానిదైనా, కారులో దెబ్బ తగిలినవాళ్ల వైద్యం కంపెనీయే చూడాలి. దెబ్బ రాయడానికి గడి ఉంది, తప్పు రాయడానికి లేదు. కానీ అబద్ధం రాశారో, మొత్తం పోతుంది. ముద్ర పడి ఉంటే నేనూ ఏం చెయ్యలేకపోయేదాన్ని. ఇది చింపేసి, జరిగింది జరిగినట్టు రాయండి.”

“అయిదింటికి మూసేస్తారట! నా రాత నత్తనడక మేడమ్.”

“నా చదువు మాత్రం పరుగులు పెడుతోందా? కూర్చోండి.”

తల్లి కొత్త ఫారం మీద ఒక్కో అక్షరమే రాస్తుంటే, “సంచి రంగు కూడా రాస్తావా అమ్మా?” అన్నాడు కొడుకు. నెల రోజుల తర్వాత వాడి నోట వచ్చిన మొదటి వేళాకోళం అది. వాడు ఎడమ చేత్తో సంతకం గీకాడు. షట్టరు దించడానికి వచ్చిన కాపలాదారును చూపుతోనే ఆపి, నిదానమ్మ గారు మళ్లీ మొదటి నుంచి, ఒక్క అక్షరం మింగకుండా చదివారు. అయిదుకు రెండు నిమిషాలుండగా ముద్ర పడింది.

చికిత్స సకాలంలో మొదలైంది. ఆరు నెలలకు అతను కత్తెర పట్టాడు. ఇవాళ అదే దుకాణంలో కటింగ్ మాస్టరు. ఆ తల్లి మరుసటి ఏడాది మన రికార్డు గదిలో సహాయకురాలిగా చేరింది. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆమే. అటుపిమ్మట నిదానమ్మ గారు పై అధికారులతో రెండేళ్లు ఉత్తరాలు నడిపి, ఫారం నెత్తిన ఒక వాక్యం అచ్చు వేయించారు: “ప్రమాదం ఎవరి తప్పో రాయనవసరం లేదు.” ఆ వాక్యం చదివి కౌంటరు ముందు ఊపిరి పీల్చుకునే మనుషుల్ని రికార్డు గది కిటికీలోంచి రోజూ చూడొచ్చు.

నిదానమ్మ గారు భర్తతో, బిడ్డలతో, సంపూర్ణ ఆరోగ్యంతో, ప్రశాంత చిత్తంతో నిండు నూరేళ్లు జీవించాలని కార్యాలయ సిబ్బంది అందరి ఆకాంక్ష. తడి గచ్చు మీద వారి కాలు జారకూడదు. బస్సు పూర్తిగా ఆగాకే దిగాలి. రోడ్డు దాటేటప్పుడు పచ్చ దీపం వెలిగినా సరే, రెండు పక్కలా చూసుకోవాలి. వారి పేరు మీద ఏ ఫారమూ ఎవరూ నింపవలసిన రోజు రాకూడదు.