పేపర్లో లేని నంబర్లు

ఏమ్మా ప్రత్యూషా, ఏం బాబూ జ్ఞానేశ్వర్, పరీక్ష తప్పిన పిల్ల ఏడవాలన్నా మీ పటమట యువజన కేంద్రంలో అపాయింట్‌మెంటు తీసుకోవాలా? నవ్వకండి, సర్వే అంటూ మా గుమ్మం ఎక్కారుగా, వినండి. మా పైవాటాలో చిన్ని ఇంటర్ తప్పి నాలుగు రోజులైంది, గది తలుపు తియ్యలేదు. వాళ్లమ్మ రాజేశ్వరి ఫోన్ చేస్తే మీవాళ్లేమన్నారు? "వచ్చే గురువారం పదకొండింటికి స్లాటుందండీ." ఆహా! అందాకా దిగులుని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలా?

మా పెడనలో చౌడయ్యగారని ఒకాయన ఉండేవాడు, పోయి ముప్పై ఏళ్లు. నేతపని. పొట్టి మనిషి, ఒళ్లంతా ముక్కుపొడుం వాసన... ఆ పొడుం కోసం బందరు దాకా సైకిల్ తొక్కేవాడు, అది వేరే గోలలే. సాయంత్రాలు పిల్లలకి రీడింగ్ రూమ్ నడిపేవాడు. నోట్లోంచి మెత్తటి మాట ఒక్కటొస్తే ఒట్టు. అప్పట్లో టెన్త్ రిజల్ట్స్ పేపర్లో వచ్చేవి, పాసైన నంబర్లే వేసేవాళ్లు. ఊరంతా ఉన్న నంబర్లు వెతుక్కుంటుంటే ఈయన లేని నంబర్లు వెతికేవాడు. మా పేట పిల్లలవన్నీ ముందే రాసిపెట్టుకునేవాడుగా! మేనత్తలు పరామర్శకి చెప్పులేసుకునేలోపే గుమ్మంలో దిగేవాడు. "లేవే తప్పినదానా! వీధిలో పడుగు పరిచాం, నూలుకి గంజి పట్టించడానికి చేతులు చాలట్లేదు." అంతే, అందరి ముందూ కుంచె చేతికిచ్చేవాడు. ఎవరైనా "అయ్యో, తప్పిందటగా" అంటే, "మీవాడు పాసై అరుగు మీద దొర్లుతున్నాడుగా, రమ్మను, ఈ కొస పట్టుకుంటాడు" అనేవాడు. మధ్యాహ్నానికి ఆకలేసేది. ఆకలేసిందంటే బతికినట్టే. ఆఁ, నేనూ తప్పినదాన్నేనమ్మా, కొత్తగా చూస్తావేం?

ఒక్క ఏడు మాత్రం ఎవరో ఆఫీసరుగారొచ్చి, యువతకి సేవ చేశాడని ఆయనకి సన్మానం పెట్టాడు. సరిగ్గా రిజల్ట్స్ రోజునే! చౌడయ్యగారు దండేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. "ధైర్యమే యువతకి ఆయుధం" అంటూ ఆఫీసరు రెండు గంటలు దంచాడు. అదయ్యాక, నంబరు లేని బసవపున్నయ్య ఇంటికి పరిగెత్తితే పిల్లాడు లేడు. ఏ రైలెక్కాడో ఏమో. వాళ్లమ్మ కన్నుమూసేదాకా కబురే లేదు. ఆ తర్వాత ఈయన ఏ సభకీ...

సర్లే. అదేంటి, నా అభిప్రాయం రాసుకుంటున్నావా? ఆ పెన్ను మూసెయ్. ఇద్దరూ ఇప్పుడే మెట్లెక్కండి. చిన్ని తలుపు కొట్టండి. తియ్యకపోతే, తీసేదాకా అక్కడే కూర్చోండి.