చిటికెల పిన్ని ముడి

ఎవరూ, చిటికెల పిన్నా? ఆవిడ సంగతి ఇప్పుడెందుకే నీకు? ఎవరైనా అడగమన్నారా? ఓహో, కాలేజీకా! పరిశ్రమలు ఎలా పెరిగాయో రాసుకురమ్మన్నారా? బావుంది. మనవరాలివి, కాదంటానా? ఆ తలుపు దగ్గరికి వేసి కూర్చో. గోడలకి చెవులుంటాయంటారు, పైగా ఈ కాలనీ గోడలు మిల్లువాళ్ళు కట్టించినవే.

పిన్నంటే మా అమ్మకి స్వయానా చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నూలు మిల్లులో పని. అరవై మంది ఆడవాళ్ళు వరసగా నిలబడేవాళ్ళు, కండె మీద దారం తెగితే రెండు కొసలూ పట్టి ముడెయ్యాలి. మిగతావాళ్ళ ముడి శనగగింజంత ఉంటే పిన్నిది నువ్వుగింజంత. చిటికె వేసేలోపు వేసేది, అందుకే ఆ పేరు. అలా ఉండగా ఓ రోజు మెళ్ళో గడియారం వేలాడేసుకుని ఒకాయన దిగాడు, ఇంజనీరుట. "మీవి చేతులు కావమ్మా, బంగారం! కాస్త మెల్లగా వేసి చూపిస్తారా, బొమ్మ గీసుకుంటాను" అన్నాడు. పిన్ని ఇంటికొచ్చి, "ఒరేయ్, వాడు మూడు గంటలు నిలబడి నా మొహం చూళ్ళేదురా, వేళ్ళే చూశాడు" అంది. "నీకన్నీ అనుమానాలే పిన్నీ" అన్నాను. "మేకకి మేతపెట్టి మెడ నిమిరేవాడు చుట్టమనుకోమంటావా?" అంది. మర్నాటి నుంచి వాడికి తప్పుడు ముడి చూపించింది. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కింద పోవాల్సిన కొస పైనుంచి పోతుంది, అంతే తేడా.

ఏడాది తిరక్కుండా ముడులేసే యంత్రం వచ్చింది. టకటకా వేసేది, ఆ నూలు మగ్గం ఎక్కగానే ముడులన్నీ జారిపోయేవి. బట్ట నిండా చిల్లులే! పిన్ని పైటకొంగు నోట్లో కుక్కుకుని నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. అప్పుడు మేనేజరు నాలాంటి పనిలేని కుర్రాళ్ళని పోగేశాడు. "ఇది నడిస్తే రెండో షెడ్డు కడతాం, మూడు షిఫ్టులు, మీ అందరికీ పని. నడవకపోతే గేటుకి తాళం." నిజమో, బెదిరింపో, నాకీనాటికీ తెలీదు. నాకు పాతికేళ్ళు, పెళ్ళి కుదిరింది, చేతిలో పని లేదు. ఆ... ఏం చెప్తున్నాను? ఆఁ, రెండు నెలలకి యంత్రం సరైన ముడి వెయ్యడం మొదలెట్టింది. అరవై మందినీ వారంలో ఇంటికి పంపేశారు. షెడ్డు మాత్రం కట్టారులే, ఆ మాట తప్పలేదు. రోడ్డొచ్చింది, వీధి దీపాలొచ్చాయి, ఈ కాలనీ వచ్చింది. మీ మాస్టారికి పెట్టుబడి, కరెంటు, రోడ్లు అని రాయి, మార్కులేస్తాడు.

పిన్ని ఏడవలేదు. ఒక్కొక్కళ్ళనీ అనుమానించింది. ఇరవై ఏళ్ళు పక్కన నిలబడి పనిచేసిన నేస్తురాలు గుమ్మం ముందు కూలబడి, "నా పిల్లల మీద ఒట్టే, నేను చెప్పలేదే" అని మొత్తుకుంటే తలుపు తియ్యలేదు. ఆవిడ అలాగే వెళ్ళిపోయింది, మళ్ళీ మా గడప తొక్కలేదు. పాపం, ఆవిడ చెప్పలేదే. నాకు తెలుసు. ఆ ముడి మిల్లులో ఇంకెవరికీ రాదు. పిన్ని కూర్చోబెట్టి నేర్పింది ఒక్కడికే, ఇంట్లో.

కొత్త షెడ్డులో నన్ను ఫిట్టరుగా తీసుకున్నారు. పిన్ని పోయేదాకా నా దగ్గరే ఉంది. నేను పళ్ళెం అందిస్తే తీసుకునే ముందు నా వేళ్ళకేసి చూసేది. తెలిసే చూసేదో, ఊరికే చూసేదో...

అదంతా రాస్తున్నావేంటే? కొట్టెయ్. ఆ చివరిది కొట్టెయ్యి ముందు. ... మీ అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?