అల్మారా తాళం

అక్కకు పాప పుట్టిందని ఊరెళ్లిన పరిశోధక విద్యార్థి, తిరిగొచ్చి సంచి కూడా కింద పెట్టకుండా, ల్యాబ్‌లో తన గైడు మేడమ్ ముందు చెయ్యి చాపాడు.

"అల్మారా తాళం ఇవ్వండి మేడమ్."

"మేనమామవయ్యావు! ముందు పాప ఎలా ఉందో చెప్పు."

"బొద్దుగా ఉంది మేడమ్. తాళం..."

"ఉండవయ్యా. నీ రాగి ద్రావణంలో స్ఫటికాలు ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో తెలిసిందా?"

"మీరే చెప్పారుగా, పూటపూటా సీసా ఎత్తి చూస్తున్నానని."

"ఎత్తి ఊరుకున్నావా? లైటు దగ్గర పెట్టి ఊపేవాడివి. విత్తనం నాటి రోజూ తవ్వి చూసుకుంటే మొలకొస్తుందా?"

"అందుకేగా సీసాని అల్మారాలో పెట్టి, తాళం మీ చేతికిచ్చి వెళ్లాను. ఒక్క మంచి స్ఫటికం దొరికితే చాలు మేడమ్. ఎక్స్‌రే పెట్టి చూస్తే రాగి చుట్టూ ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో తేలిపోతుంది. దొరక్కపోతే నా థీసిస్ గాల్లో దీపమే."

"దొరుకుతుందిలే, కంగారు పడకు."

"అంతా పొడిపొడిగా అడుక్కి దిగిపోయుంటే?"

"పొడా! అద్దంలా మెరుస్తోంది. ముదురు నీలం, ఆవగింజంత. ఆ అంచులు చూస్తే ఎంత ముచ్చటేస్తుందో!"

"మేడమ్..."

"ఏంటి?"

"అల్మారా తలుపు ఇనప రేకుది. మీకెలా కనిపించింది?"

మేడమ్ గబగబా సొరుగు లాగి తాళం వెతకసాగారు.

"ఊపారా?"

"ఛ ఛ, ఊపుతానా! మెల్లగా ఎత్తి చూశానంతే."

"ఎన్నిసార్లు?"

"ముందు నువ్వు చెప్పు. పాపని ఎన్నిసార్లు ఎత్తుకున్నావు?"