తప్పు నాదేనని రాసిన సమ్మయ్యగారు

1969 ఆగస్టు నాలుగవ తేదీన మన సెక్షన్ కార్యాలయంలో హెల్పరుగా చేరిన శ్రీ సమ్మయ్యగారు, ఇరవై ఏడు సంవత్సరాల అవిశ్రాంత సేవానంతరం ఈ మాసాంతమున పదవీ విరమణ చేయుచున్నారు. బోథ్ చుట్టుపట్ల పల్లెలకు విద్యుత్ స్తంభాలు ఎడ్లబండ్లపై చేరిన కాలంలో బండి వెంట నడిచిన వారు, 1974లో లైన్‌మన్ అయినారు. తదుపరి పదోన్నతికి పందొమ్మిదేళ్లు పట్టింది. అందుకు కారణాన్ని సన్మాన సభలలో ఎవరూ చెప్పరు కనుక ఇక్కడ రాయవలసి వచ్చినది.

1979లో కిష్టవ్వ అనే వితంతువు తన ఇంటి వసారాలో జొన్నపిండి గిర్నీ పెట్టదలచి త్రీఫేజ్ విద్యుత్తు కోరింది. స్థల పరిశీలనకు వెళ్లిన సమ్మయ్యగారు, పొయ్యి ఉన్న కప్పు కింద ఏమున్నా అది ఇల్లేనన్న మన కార్యాలయపు ఆనవాయితీని అనుసరించి ‘నివాసం’ అని రాశారు. నివాసానికి సింగిల్‌ఫేజ్ చాలునంటూ దరఖాస్తు మూడేళ్లపాటు తిరిగి వచ్చింది. ఆమె ఎడ్లను అమ్మి కొన్న మోటరు గోనెసంచి కింద తుప్పు పట్టింది. ఊరి స్త్రీలు పిండి పట్టించుటకు జొన్నలు నెత్తిన పెట్టుకొని రెండు కోసుల దూరం నడిచారు.

1982లో మీటరు చూడవచ్చిన సమ్మయ్యగారిని కిష్టవ్వ గడపలోనే నిలదీసింది.

“ఏం సమ్మయ్యా, నా పొయ్యి జూసి ఇల్లని రాసినవట?”

“గది మా రివాజు అవ్వా.”

“పటేలు బాయికాడ మోటరు కొట్టంల రోజు ఛాయ్ కాస్తరు. మరి గది ఇల్లు గాదా? గాయన పొయ్యి కనవడలే, నా పొయ్యే కనవడ్డదా నీకు?”

ఆ కొట్టంలో తాను తాగిన ఛాయ్‌లు సమ్మయ్యగారికి జ్ఞప్తికి వచ్చాయి. మరునాడు, ‘నివాసమని రాసిన తప్పు నాది, అచ్చట ఉన్నది గిర్నీ’ అని లిఖితపూర్వకంగా సమర్పించారు.

“నీ ప్రమోషన్ ఫైలు నా బల్ల మీదనే ఉన్నది. తప్పు ఆమెదని రాయి, నీకు ఫికర్ ఉండదు,” అన్నారు నాటి అధికారి.

“ఆమెకు రాయనే రాదు సార్. రాసింది నేను.”

నలభై రోజులలో ఆ ఇంటికి మూడు తీగలూ చేరి గిర్నీ తిరిగింది. ఫైలు మాత్రం పదకొండేళ్లు కదలలేదు. అన్నేళ్లూ వానలో తెగిన ప్రతి తీగకూ వారినే పంపిన కార్యాలయం, రేపు వారి నిజాయితీని పూలమాలతో శ్లాఘించనున్నది. ఇటువంటి శ్లాఘనలు విని విని అలసితిమి.

శ్రీ సమ్మయ్యగారు అర్ధాంగి కమలవ్వగారితో నిండు నూరేళ్లు ఆరోగ్యంగా జీవింతురుగాక. స్తంభాలెక్కి అరిగిన వారి మోకాళ్లకు ఉపశమనం కలుగుగాక. గాలివాన వేళ వాకిట నిలిచి పిలిచేవారు లేక, కంచంలోని అన్నం చివరి ముద్ద వరకు వారు కూర్చుండి తినగలుగుదురుగాక.