పేరు లేని బాణం

మా సార్ ఇల్లాలు కుబ్రా బేగం అమ్మా! పెద్దలారా! మొదటి షిఫ్టు దిగి, సగం బొగ్గు కడుక్కుని సగం అట్లనే మోసుకొచ్చిన అన్నలారా! బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి బస్సులో నిలబడి వచ్చిన మిత్రులారా!

ఇంతమందిని ఒక్క షెడ్డులో చూస్తే మన అస్గర్ సార్ ఏమనేవారు? "హోమ్‌వర్కు చేసినోళ్లే కూర్చోండ్రి" అనేవారు. అప్పుడు ఇక్కడ ఎంతమంది కూర్చుని ఉండేవాళ్లం? తలలు దించుకుంటున్నారు. దుఃఖంతోనే దించుకున్నారని అమ్మకు మనవి చేస్తున్నాను.

పోయిన శుక్రవారం పొద్దున మంచిర్యాలలో, తన ఇంట్లోనే, గుండె ఆగి సార్ పోయారు. అప్పటికే సంచి సర్దుకున్నారట. ఒక కాలికి చెప్పు కూడా తొడుక్కున్నారట. మన పది గంటల క్లాసుకే కదా ఆ చెప్పు!

నా పేరు మొగిలి. వర్క్‌షాపులో ఫిట్టర్‌ను. డైనమిక్స్ పేపరును మూడోసారికి జయించిన వీరుణ్ని. ఇంతమంది పెద్దలుండగా మైకు నాకెందుకు ఇచ్చారు? ఒక్కసారికే పాసైనవాళ్లు ఆ పేపరును ఒక్కసారే చూశారు. దానితో నాకున్నంత చుట్టరికం ఈ గోదావరిఖనిలో ఇంకొకరికి లేదు.

సార్ హైదరాబాదులో ముప్పై ఏండ్లు పాలిటెక్నిక్ పిల్లలకు చెప్పారు. రిటైరయ్యాక హాయిగా కూర్చోవచ్చు. కూర్చున్నారా? పందొమ్మిది వందల డెబ్బై రెండులో ఈ షెడ్డు అడిగి తీసుకుని, డ్యూటీలు చేసుకుంటూ మెకానికల్ డిప్లొమా రాసే మనలాంటి వాళ్లకు పాఠం మొదలుపెట్టారు. వారానికో షిఫ్టు మారే మనుషులకు పాఠం ఎట్ల చెప్పాలి? సార్ కనిపెట్టిన ఉపాయం ఒక్కటే: ప్రతి పాఠం రెండుసార్లు. రెండో షిఫ్టు వాళ్లకు పొద్దున పదికి, మొదటి షిఫ్టు వాళ్లకు సాయంత్రం ఐదున్నరకు. మంచిర్యాల నుంచి రైలు, స్టేషన్ నుంచి బస్సు, బస్సు దిగి నడక. రెండోసారి చెప్పేటప్పుడు కూడా ఆయన మొహం చూస్తే, ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు ఉండేది.

ఇప్పుడు ఆ క్లాసులో పద్నాలుగు మంది ఉన్నారు. పరీక్ష ఇంకా పందొమ్మిది రోజులే. సార్ లేరు. క్లాసు నడవకపోతే షెడ్డు తిరిగి ఇవ్వాలి. ఆ పద్నాలుగు మందిలో ఒకడైన గట్టయ్య బావ నాలుగు రోజులుగా నా వెంటపడి, "నోరున్నది, పాసైనవు, నువ్వు చెప్తవా లేదా?" అంటున్నాడు. నేను నాలుగు రోజులుగా జోకులు చెప్పి తప్పించుకుంటున్నాను. ఆ మాటకు మళ్లీ వస్తాను.

ముందు మొదటి రోజు సంగతి. సార్ బోర్డు మీద గనిలో బొగ్గు మోసే చక్రాల టబ్బు ఒకటి గీశారు. మట్టసంగా ఉన్న పట్టాల మీద పోతున్నది. లాగే తాడు విప్పేశారు, నూకేవాళ్లు చేతులు తీసేశారు. "దాని మీద ఏయే బలాలున్నయో బాణాలు గీయండ్రి" అన్నారు. మనవాళ్లందరూ, ఒక్కరూ తప్పకుండా, టబ్బు ముందు ఇంత లావు బాణం గీశారు. గట్టయ్య బావ అప్పటికే గనిలో పన్నెండేండ్లుగా టబ్బులకు తాడు క్లిప్పు తగిలించే మనిషి. ఆయన లేచి, "అది జోరు సార్. జోరు లేకుంటే టబ్బు ఎట్ల పోతది? ఒక్కసారి దాని ముంగట నిలబడి చూడుండ్రి" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. సార్ నవ్వలేదు. బావ కాలికి టబ్బు గుద్దిన పాత గాయం వైపు చూసి, ఇంతే అన్నారు: "బాణం గీసినవ్ కదా. నూకేది ఎవరో పక్కన పేరు రాయి. నామ్ లిఖో, నై తో కాట్ దో." పేరు రాయి, లేకుంటే కొట్టెయ్యి.

అదీ ఆయన చట్టం. కిందికి బాణమా? భూమి అని రాయి. పైకి బాణమా? పట్టాలు అని రాయి. ముందుకు బాణమా? ఎవరు? చేతులు తీసేశారు కదా, ఎవరు?

నేను ఊరుకుంటానా? నోటుబుక్కులో ముందు బాణం పక్కన "దేవుడు" అని రాశాను. సార్ ఎర్ర పెన్సిల్‌తో తిరిగి రాశారు: "దేవుడు ఉన్నాడు. కానీ ఈ టబ్బుకు చెయ్యి ఆనించి లేడు. సున్నా."

మిత్రులారా! నాస్తికులను చూశాను, భక్తులను చూశాను. దేవుణ్ని ఒప్పుకుంటూనే మార్కులు కోసిన మనిషిని ఒక్కరినే చూశాను.

మాటలతో మేం లొంగమని సార్‌కు తెలిసిపోయింది. ఒక ఆదివారం వర్క్‌షాపు వెనక మూలన పడి ఉన్న పాత టబ్బు దగ్గరికి తీసుకుపోయారు. నూకి వదిలేయమన్నారు. పదకొండు అడుగులు పోయి ఆగింది. గట్టయ్య బావ అడుగులు లెక్కపెట్టాడు. పట్టాల మీద మట్టి తుడిపించారు. అంతే నూకుడు, పందొమ్మిది అడుగులు. ఇరుసులకు గ్రీజు పెట్టించారు. అంతే నూకుడు. టబ్బు పోతనే ఉంది, పోతనే ఉంది, పట్టాలు అయిపోయాయి, టబ్బుకు ఆ కబురు అందలేదు. ఎదురుగా ఉన్న క్యాంటీన్ నీళ్ల డ్రమ్మును గుద్ది పడేసింది. ఆ డ్రమ్ముకు అప్పుడు మనం సంతాప సభ పెట్టలేదు. ఇవాళ కలిపి స్మరించుకుందాం.

ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి, సార్ ఎంత సంబరపడ్డారో! "చూసినవా గట్టయ్యా! ముందుకు నూకేటోడు ఎవడూ లేడు. చేతులు తీసినంక పోయేది దాని గుణం. ఆగిందా, అప్పుడు అడుగు, ఆపింది ఎవరని. ఆపేటోనికే పేరుంటది." బావ టబ్బు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. పన్నెండేండ్లు కలిసి బతికిన మనిషి గురించి కొత్త సంగతి విన్నట్టు. అయినా నోటుబుక్కులో ఆ ముందు బాణాన్ని మాత్రం వదల్లేదు.

నా సంగతి? నేను రెండుసార్లు ఫెయిలయ్యాను. మూడోసారికి ముందు సార్ నన్ను పిలిచి, "నీకు వచ్చిందో లేదో నాకు చెప్పకు. గట్టయ్యకు చెప్పు" అన్నారు. చెప్పాను. నాకు వచ్చిన భాషలోనే, జోకులతోనే చెప్పాను. బావ నవ్వాడు, తిట్టాడు, మళ్లీ చెప్పమన్నాడు. సార్ వెనక బెంచీ మీద కళ్లు మూసుకుని విన్నారు. నిద్రపోయారనుకున్నాను. లేచి పోతూ, "మొగిలీ, నీ నవ్వులాటల బాణాలు సరిగ్గనే ఉన్నయ్" అన్నారు. అప్పుడది మెప్పు అనుకుని మురిశాను. అది పని అప్పగించడమని ఈ నాలుగు రోజుల్లో తెలుస్తున్నది.

నిన్న పొద్దున అమ్మ నాకు సార్ సంచి ఇచ్చారు. అందులో సుద్దముక్కలు, ఎర్ర పెన్సిల్, పద్నాలుగు నోటుబుక్కులు ఉన్నాయి. తొమ్మిది దిద్ది ఉన్నాయి. ఐదు లేవు. ఆ ఐదులో గట్టయ్య బావది ఒకటి. తెరిచాను. అదే టబ్బు. కిందికి బాణం, భూమి. పైకి బాణం, పట్టాలు. వెనక్కి బాణం, మళ్లీ పట్టాలు. ముందుకు ఒక బాణం గీసి, తనంతట తానే కొట్టేసుకున్నాడు. పక్కన రాశాడు: "ఎవరూ లేరు."

మూడేండ్లు ఆ ఒక్క బాణం కోసం బావతో కొట్లాడిన సార్ అది చూడకుండానే పోయారు.

నేను ఎర్ర పెన్సిల్ తీసి సరి అని గుర్తు పెట్టాను. నేను పెట్టిన మొదటి మార్కు అది. మిగిలిన నాలుగు కూడా దిద్దాను.

అన్నలారా! సార్ చేతులు తీసేశారు. క్లాసు ఇంకా పోతనే ఉంది. ఎల్లుండి ఆగిపోయిందనుకోండి, ఆపింది ఎవరని సార్ అడగరా? వెనక్కి గీసిన ఆ బాణం పక్కన మొగిలి అని నా పేరే రాయాల్సి వస్తుంది. ఆ పేరు అక్కడ ఉండటం నాకు ఇష్టం లేదు. గట్టయ్య బావా, నాలుగు రోజుల నీ ప్రశ్నకు ఇదే జవాబు. రేపు పొద్దున పదికి క్లాసు ఉంది. సాయంత్రం ఐదున్నరకు అదే పాఠం మళ్లీ ఉంది. జోకులు మాత్రం రెండు పూటలా వేరువేరు.

ఇక అందరం లేద్దాం. రెండు నిమిషాలు, మాట లేకుండా. ఊరికే నిలబడ్డవాడి మీద ఏ బలమూ ఉండదనుకునేరు. కింది నుంచి మనను మోసే బాణం ఒకటి ఎప్పుడూ ఉంటుందని సార్ చెప్పారు. ఆ బాణం పక్కన ఈ రెండు నిమిషాల్లో ఎవరి పేరు రాయాలో ఎవరికి వారు మనసులో రాసుకోండి.

లేవండి.