నీలం ఎక్కువైన తెలుపు

హలో… ఆ, నేనే. మీ మామయ్యనే, ఇంకెవరుంటారు ఈ ఫోన్లో?…

ఏం అరుపులమ్మా అవి! బయట వరండాలో పుట్టీ పెట్టేవాడు కూడా పని ఆపి నావైపు చూస్తున్నాడు… ఆ, పిల్లల క్లినిక్‌లోనే ఉన్నా. చూశాను. ఎనిమిది గదులూ చూశాను.

నీలంగానే ఉన్నాయి. కాదని ఎవరన్నారు?…

డాక్టరమ్మ ఆఫీసుకి కూడా ఫోన్ చేసిందా? ఏమంది?… నాతోనూ అదే అంది. ఈ గోడల మధ్య కూర్చోబెడితే, టీకా కోసం వచ్చిన పిల్లాడు కూడా నాలుగు రోజుల్నుంచి జ్వరంతో ఉన్నట్టు కనిపిస్తాడట. తెలుపు అడిగితే, బట్టలకి నీలిమందు ఎక్కువైనట్టు ఇదేం పనయ్యా అంది. సరిచేస్తామని చెప్పా… తెలుసమ్మా, సోమవారం తెరుస్తున్నారు. నాకెందుకు తెలీదు!

ఎవరు కలిపారా?… మన దగ్గర రంగు ఎవరు కలుపుతారు? మీ నాన్నే.

లేదు లేదు, డబ్బాల తప్పు కాదు. మన పనివాళ్ళ మీద విరుచుకుపడకు. వాళ్ళు ఆయన చెప్పిందే వేశారు… సరే, విను. అరవకుండా విను. నిన్న నేను పన్ను పీకించుకోడానికి వెళ్ళానా… అంతే. నేను లేను. నిన్నే పై కోటు వేశారు.

నేను లేకపోతే ఏంటా?…

ఎలా చెప్పనే నీకు… మీ నాన్న కలిపిన రంగు ఎనిమిది నెలలుగా ఏ గోడకీ పై కోటుగా పడలేదు, అమ్మడూ.

ఆ. ఎనిమిది నెలలు.

ఆయన కలిపేసి, కర్రతో తిప్పి, “తెలుపంటే ఇదిరా” అని టీకి వెళ్తాడు కదా. ఆ పది నిమిషాల్లో నేను ఇంకో బకెట్ కలిపేస్తాను. ఆయనది కింది కోటుకి, నాది పై కోటుకి. ఈలోపు ఆయన రాకుండా పనివాళ్ళలో మన పొడుగోడు గుమ్మంలో అడ్డంగా నిలబడి ఏదో ఒకటి అడుగుతుంటాడు. మొన్న పాపం ఏం అడగాలో తోచక, మీ పెళ్ళి ఎప్పుడైందండీ అని అడిగాడు… నవ్వకు. ఇక్కడ నాకు ఒళ్ళు మండిపోతుంటే.

నిన్నా?… ఆయన టీకి వెళ్ళలేదు. పక్కనే నిలబడ్డాడు. ఆయన ముందు ఎవరాపుతారు?

అందరికీ తెలుసు. నీకు తెలీదు, ఆయనకి తెలీదు, అంతే… మీ అమ్మా? అక్కే ముందు కనిపెట్టింది. కొత్త తెల్ల చొక్కా ఇస్తే, పాతబడి పసుపెక్కింది ఎందుకిచ్చావని విసిరికొట్టాడట. కళ్ళకి శుక్లాలే, ఇంకేముంది? తెలుపు ఆయనకి పసుపుగా కనిపిస్తుంది. ఆ పసుపు పోవాలని నీలం వేస్తాడు. అయినా పోదు. ఇంకాస్త వేస్తాడు. నేను వేయించిన గోడ చూసి పసుపు కొడుతోందిరా అంటే, లైటు వెలుగు బావా అని తప్పించుకునేవాణ్ణి.

డాక్టర్‌కి చూపించలేదా అని నన్నడుగుతావేం! అక్క రెండుసార్లు తీసుకెళ్ళబోయింది. రెండుసార్లూ సైట్‌లో పనుందన్నాడు. నా కళ్ళ పుణ్యమా అని కదా మీరంతా అన్నం తింటున్నారు అన్నాడు… అది నిజమే కదా! అదే కదా నా ఏడుపు!

మెషిన్ మాట మళ్ళీ ఎత్తకు. షాపులో మెషిన్ మీద కలిపిద్దామని నేనూ అన్నాను. మెషిన్‌కి కళ్ళున్నాయా అన్నాడు.

ఏంటీ?… మోసమా?

అను తల్లీ, అను. కుర్చీలో కూర్చుని ఎన్నైనా అంటావు. మీ తాత సున్నం బకెట్టుతో మొదలుపెట్టిన కంపెనీ ఇది. నేను అక్క వెనకాల వచ్చినవాణ్ణి. పనీపాటా లేక తిరుగుతుంటే మీ నాన్నే చెయ్యి పట్టుకుని నిచ్చెనెక్కించాడు. అదే గోడ ఎండలో ఎలా ఉంటుందో, లైటు కింద ఎలా ఉంటుందో పక్కన కూర్చోబెట్టి చూపించాడు. నా కళ్ళు ఆయనిచ్చినవే. ఇప్పుడు నేనెళ్ళి, బావా, మీకు కనపడట్లేదు అని చెప్పాలా?

నువ్వు చెప్పు. కూతురివి కదా. ఊఁ, చెప్పు…

చూశావా. నీకూ ఏడుపే వస్తోంది.

ఏడవకు… ఏడవకే. ఎవర్ని తిట్టాలో తెలీక నిన్నంటున్నా. అసలు తిట్టాల్సింది నన్ను. పరువు కాపాడుతున్నా అనుకున్నా. అప్పుడే నోరు తెరిచుంటే ఈపాటికి ఆపరేషన్ అయిపోయి శుభ్రంగా తిరిగేవాడు. ఎనిమిది నెలలు ఆయన చూపు పోతుంటే నేను పక్కన బకెట్లు కలుపుతూ కూర్చున్నా.

సరే, విను. ఈ రెండు రోజులూ కూర్చుని నేనే మళ్ళీ వేయిస్తా. నలుగురం చాలు. మీ నాన్నని ఆఫీసులో ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టు. ఇటు మాత్రం రానీకు— ఏంటి? డాక్టరమ్మ మాటలు ఆయనా విన్నాడా? ఎప్పుడు బయల్దేరాడు? అది ముందు చెప్పవేం!…

ఆ బావా, రండి రండి… ఏం లేదు, అమ్మాయితో మాట్లాడుతున్నా… ఆ, ఈ గదే.

పెట్టేయకు, అమ్మడూ. మెల్లగా చెప్తా, విను. గోడ దగ్గరికెళ్ళాడు… అరచేత్తో తడుముతున్నాడు. కళ్ళజోడు తీశాడు. తుడిచి పెట్టుకున్నాడు. కిటికీ తెరిచాడు… మళ్ళీ గోడ దగ్గరికే.

ఏంటి బావా?… నన్నా?

అమ్మడూ… ఈ గోడ ఏ రంగులో ఉందో చెప్పరా అంటున్నాడే. ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను రంగు అడగలేదు ఆయన.

…లేదు. నువ్వు మాట్లాడకు. నన్నడిగాడు. నేనే చెప్తా. నువ్వు ఆ కంటి డాక్టర్‌కి ఫోన్ చెయ్యి… వచ్చే వారం కాదు, ఇవాళే. ఉంటా.

తెల్లగా లేదు బావా.