పదిహేడు స్టిక్కర్లు

ఆఫీసు కింది అంతస్తు. కిటికీల్లేని సిస్టమ్స్ గది. మధ్యాహ్నం మూడు దాటింది. ఫిర్యాదుల సెక్షన్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆమె. ఆఫీసు కంప్యూటర్ల బాగోగులు చూసే అతను.

"కొత్త లాప్‌టాప్ తీసుకోమని మెయిల్ పెట్టి, తీరా వచ్చాక పాతదాని స్టిక్కర్లు పీకమంటావేంటి తమ్ముడూ? అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నానా, సున్నాలు వేసి ఇవ్వడానికి?"

"రూలక్కా. ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే వెనక్కి తీసుకోవాలట."

"ఇచ్చినప్పుడు నా తల మీద ఒక్క తెల్లవెంట్రుక లేదు. అవి కూడా పీకి ఇవ్వనా?"

"కూర్చోండక్కా. ఈ హెయిర్ డ్రయ్యర్ పెడితే జిగురు మెత్తబడుతుంది. తొందరేం లేదు. మెల్లగా తియ్యండి."

"తొందరేం లేదా? ఈ మాటంటున్నది నువ్వేనా? పోయినసారి కీబోర్డు మార్చమని వస్తే నిమిషానికోసారి గడియారం చూశావు."

"ఇవాళ ఖాళీ."

"ఏం ఖాళీ? పొద్దుట్నుంచీ మా సెక్షన్‌లో ఒక్కొక్కళ్లనీ పిలుస్తూనే ఉన్నావుగా. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే, ఒక్కరూ సీటుకి తిరిగి రాలేదు. కొత్తది చంకలో పెట్టుకుని అట్నుంచి అటే ఇంటికి పోయుంటారు."

"...అయ్యుంటుంది. మీ ఐడీ కార్డు ఇలా బల్ల మీద పెట్టండక్కా."

"కార్డెందుకు?"

"కొత్తదానికి... కలపాలి."

"కలుపు. ఇదిగో. ఆ అట్టపెట్టేనా నాది? నా పేరు ఎంత పొందిగ్గా రాశావు! శుభలేఖ మీద రాసినట్టుంది."

"తర్వాత చూద్దురుగాని. ముందు ఇవి కానివ్వండి."

"రంగేమిటో చూపించు ఒక్కసారి."

"సీలు తియ్యకూడదక్కా. సంతకాలు అయ్యాకే."

"అబ్బో. సరే, పట్టు ఆ డ్రయ్యరు. కాలకుండా పట్టు."

"ఈ పొద్దుతిరుగుడు పువ్వు బాగుందక్కా. ఏ ఊరెళ్లినప్పుడు కొన్నారు? అక్క తెగ తిరుగుతుంది, మూత మీద చోటే లేదు అని అనుకుంటుంటాం మేమంతా."

"నేను తిరిగానా? ఇంటి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి ఇల్లు. నాకంటే గానుగెద్దు నయం. ఆ పువ్వు మా పాప నోటుపుస్తకం మీదది."

"మరి ఈ యాపిల్?"

"యాపిల్ పండు మీదదే. కింద క్యాంటీన్లో."

"పండు మీది కాగితం పీకి లాప్‌టాప్‌కి అతికించారా?"

"ఆ రోజు చేతికి ఇంకేం దొరకలేదు."

"ఆ రోజేంటి?"

"ఏం లేదులే. గాలి ఇటు తగలనివ్వు."

"చెప్పండక్కా. ఎలాగూ కూర్చున్నాంగా."

"ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. నవ్వకూడదు మరి."

"నవ్వను."

"రాజీనామా రాసిన రోజుకి ఒక స్టిక్కరు. రాసి, ఇవ్వలేక మింగేసిన రోజుకి. లెక్కపెట్టుకో, పదిహేడుంటాయి."

"పదిహేడుసార్లా?"

"నవ్వనన్నావు."

"నవ్వట్లేదక్కా."

"ఆ పువ్వు మొదటిది. చేరిన ఏడాదికి. రోజుకి నూట ఇరవై ఉత్తరాలు. ఎవరి మిక్సీయో మాడితే నేను చింతించాలి, ఎవరి ఫ్రిజ్జో కారితే నేను చింతించాలి. 'మీకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము.' ఆ వాక్యం నాదే, తెలుసా? అంతకుముందు ఉత్తి 'చింతిస్తున్నాము' అనేవాళ్లు. 'మిక్కిలి' నేను చేర్చాను. నిద్రలో కూడా అదే అంటున్నానని మా ఆయన హడలిపోయాడు. ఇక నావల్ల కాదని రాశాను. ఆ వారమే ఆయన ఉద్యోగం పోయింది. పువ్వు అతికించాను."

"ఈ పిల్లి?"

"పాపకి స్కూలు మార్చినప్పుడు. దాని పక్కన 'జాగ్రత్త, పగిలే వస్తువు' అనుంది చూడు, అది ఇల్లు మారినప్పుడు, సామాన్ల పెట్టె మీద నుంచి. ఈ ఎర్ర గుండె, అమ్మని ఆసుపత్రిలో చేర్చినప్పుడు. అక్కడ రక్తం ఇస్తే అతికించి పంపారు."

"యాపిల్ సంగతి చెప్పలేదు."

"అదా? సిగ్గుచేటు. ఆ రోజు ప్రింటు కూడా తీశాను. కాగితం పట్టుకుని గుండె దిటవు చేసుకుని మేనేజరు గదిలోకి అడుగు పెడితే, సెక్షనంతా కేకు చుట్టూ నిలబడి ఉంది. నా పుట్టినరోజట. నేనే మర్చిపోయాను. ముక్క కోసి చేతిలో పెట్టారు. పళ్లేలు తక్కువయ్యాయి. నా రాజీనామా మడిచి, దాని మీదే పెట్టుకుని తినేశాను."

"అక్కా..."

"నవ్వు, పర్లేదు. ఇది నవ్వాల్సిందే."

"అన్ని ఉత్తరాలూ ఇందులోనే ఉన్నాయా?"

"అన్ని లేవు, ఒక్కటే. నాలుగు వాక్యాలు. ఎప్పటికప్పుడు తేదీ మారుస్తాను, అంతే. చెరిపేస్తే మళ్లీ దొరకదని భయం, ఒకసారి పోగొట్టుకున్నాను కూడా."

"చెరిపింది ఏదీ నిజంగా పోదక్కా. నా దగ్గరికి తెస్తే తీసిపెట్టేవాణ్ణి."

"తెచ్చి ఏమని చెప్పను? నా రాజీనామా తప్పిపోయింది, వెతికిపెట్టు కంప్యూటర్ల డాక్టరూ అనా? ఇదిగో, ఇవాళ పొద్దున కూడా తేదీ మార్చాను."

"ఇవాళా?"

"ఇవాళే. ఈసారి మా ఆయనకి మాత్రం చెప్పాను, నీకు చెప్పకూడదనుకున్నాను. ఈ కొత్తది తీసుకున్నానంటే ఇంకో పదేళ్లు కదలను, నా సంగతి నాకు తెలుసు. పాతది నీ చేతిలో పెట్టేసి, కొత్తది వద్దని చెప్పి, ఉత్తరం పంపేసి, ఉత్త చేతులూపుకుంటూ ఆ మెట్లెక్కి పోదామని వచ్చాను."

"అయితే పంపెయ్యండక్కా."

"ఆఁ?"

"ఇప్పుడే. స్టిక్కర్లు తర్వాత చూద్దాం. తెరిచి పంపెయ్యండి."

"ఇదేంటి, పొమ్మనలేక పొగబెట్టినట్టు?"

"అది కాదక్కా. పదిహేడుసార్లు ఆగారు కదా. ఈసారి ఆగకండి. నాలుగింటిలోపు పంపండి."

"నాలుగింటికేముంది? ముహూర్తమా?"

"సర్వరు... సర్వరు ఆపుతారు."

"పని రోజు నాలుగింటికి సర్వరు ఆపుతారా? ఏంటి తమ్ముడూ, ఇవాళ నువ్వు నువ్వులా లేవు. ఏసీలో కూర్చుని చెమటలు కక్కుతున్నావు. ఇంట్లో పిల్లలు బాగున్నారా?"

"బాగున్నారు. ఒక్క నిమిషం, ఫోనక్కా. హలో... ఆఁ, ఇక్కడే ఉన్నారండి... లేదండి, ఏం చెప్పలేదు... ఇప్పుడా? నాలుగింటికన్నారు కదా... సరే. సరేనండి."

"ఎవరు?"

"పైనుంచి. స్టాకు లెక్క ఏదో."

"నా ఫోనూ మోగుతోంది. మా ఆయన. ఒక్క నిమిషం. ఆఁ, చెప్పండి... కిందే, సిస్టమ్స్ గదిలో... ఇంకా పంపలేదు. మీరేమంటారు?... నా ఇష్టమా? అది కాదండీ, మీకేమనిపిస్తోంది అని... పాప కూడా అదే అందా?... మీ కొట్టు సంగతి?... నడుస్తోందిలెండి, నాకు తెలుసు. వద్దు అని ఒక్క మాట కూడా అనరేం?... ఏం లేదు. పెట్టెయ్యండి... నువ్వేంటి తమ్ముడూ, టకటకా కొడుతున్నావు?"

"పనక్కా. పైనుంచి చెప్పారుగా."

"ఎవరి పనో అంత అర్జెంటు."

"...బావగారేమన్నారు?"

"నీ ఇష్టం అన్నారు. పాప హాస్టల్లో కుదురుకుంది. ఆయన కొట్టు నిలదొక్కుకుంది. అమ్మ పోయి రెండేళ్లయింది. పదకొండేళ్లలో మొదటిసారి నాకు ఎవరూ అడ్డం లేరు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఇందాక పంపు పంపు అని నా ప్రాణం తీశావుగా."

"మీ ఇష్టమక్కా."

"నువ్వూ అదే మాటా! ఒక సంగతి చెప్పనా? నాకు భయమేస్తోంది తమ్ముడూ. నిజంగా. రేపు పదింటికి నేనెక్కడుంటాను? వంటింట్లోనా? వండి పెట్టడానికి పిల్ల కూడా లేదు. పైన నా సొరుగు కిర్రుమంటుందని రోజూ తిట్టుకుంటాను. ఆ కుర్చీని తిట్టుకుంటాను. తిట్టుకోవడానికైనా మనిషికి ఒక చోటుండాలి కదా."

"అక్కా, మీరు ఎక్కడికెళ్లినా..."

"ఆగు, చెప్పనీ. పాప కోసం, అమ్మ కోసం, ఆయన కోసం అని పదిహేడు అతికించాను. ఇవాళ వాళ్లెవరూ లేరు ఈ గదిలో. తలుపు బార్లా తీసి ఉంది. నేనే కదల్లేకపోతున్నాను. ఇన్నేళ్లూ వాళ్ల మీద తోశాను, అంతే."

"అలా అనుకోకండక్కా."

"అనుకోవడం ఏంటి, కళ్లకి కనిపిస్తుంటే. చెరిపేస్తున్నా."

"ఏంటి?"

"ఉత్తరం. ఇది ఉన్నన్నాళ్లూ నాకు శాంతి లేదు. ఇక్కడా ఉండను, బయటికీ పోను. ఉండేదేదో మనస్ఫూర్తిగా ఉంటాను."

"అక్కా, ఆగండి, ఒక్క నిమిషం..."

"అయిపోయింది. పోయింది. అమ్మయ్య! ఎంత తేలిగ్గా ఉందో తెలుసా? పదకొండేళ్ల బరువు. ఏదీ, ఆ పెట్టె ఇటివ్వు."

"అక్కా."

"మొదటి స్టిక్కరు నేనే అతికిస్తాను. ఈ పువ్వుకి ఇంకా జిగురుంది. ఇది మాత్రం రాజీనామాది కాదు, ఉండిపోయినందుకు. సంతకం ఎక్కడ చెయ్యాలి?"

"ఆ పెట్టె ముట్టుకోకండక్కా."

"ఏం, కరుస్తుందా? నేనే తీసుకుంటాలే... ఇదేంటి, దూది మూటలా ఉంది? కొత్తవి ఇంత బరువు తక్కువా?"

"అందులో ఏం లేదక్కా."

"ఏం లేదంటే?"

"ఖాళీ పెట్టె. మీ సెక్షన్ వాళ్ల పదకొండు పెట్టెలూ ఖాళీయే. పేర్లు నా చేత రాయించారు."

"కొత్తవి ఇంకా రాలేదా?"

"రావక్కా. ఫిర్యాదుల సెక్షన్ ఎత్తేశారు. ఇక ఆ ఉత్తరాలు కంప్యూటరే రాస్తుందట. మీ వంతు నాలుగింటికి, పైనుంచి హెచ్ఆర్ ఆవిడ ఉద్యోగం తీసేసిన కాగితాలు పట్టుకుని వస్తుంది. ఆవిడ వచ్చేదాకా మిమ్మల్ని ఇక్కడే కూర్చోబెట్టమన్నారు. స్టిక్కర్లు తియ్యాలని రూలేం లేదు."

"అందుకా, పొద్దున వెళ్లినవాళ్లు..."

"వెనక గేటు నుంచి పంపేశారు. ఎవరికైనా చెబితే పన్నెండో పెట్టె మీద నీ పేరే రాసుకో అన్నారు. నాకిద్దరు పిల్లలక్కా."

"నిన్నీ ఉద్యోగంలో పెట్టమని నేనే చెప్పాను."

"తెలుసు."

"సరే. ఏడవకు. డ్రయ్యర్ ఆపు, ఊరికే తిరుగుతోంది. ఆ కాగితం నువ్వు చూశావా?"

"చూశాను. ప్రింటు తీసింది ఇక్కడే."

"అందులో 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అనుందా?"

"మిక్కిలి చింతిస్తున్నాము అనుంది."

"ఊఁ. ఎంతసేపుంది నాలుగుకి?"

"తొమ్మిది నిమిషాలు."

"అయితే నా ఉత్తరం వెనక్కి తెచ్చిపెట్టు. చెరిపింది ఏదీ పోదన్నావుగా. వాళ్లు పొమ్మంటే పోవడం వేరు, నేను పోవడం వేరు."

"తేవచ్చు. కానీ పంపలేరక్కా. మీరు బావగారితో మాట్లాడుతున్నప్పుడు మీ మెయిలు మూసేయమన్నారు. మూసేశాను."

"ఆ టకటకలాడింది నాదేనా?"

"మీదే."

"అంటే నేను ఉంటాను, ఉండిపోతాను అని ఇంతసేపూ వాగుతుంటే..."

"అప్పటికే అయిపోయిందక్కా. అందుకే ముందు పంపమని బతిమాలాను. తిట్టండి నన్ను."

"తిట్లు తర్వాత. తొమ్మిదే నిమిషాలున్నాయి. ఆ ప్రింటర్లోంచి ఒక తెల్లకాగితం లాగు, పెన్నివ్వు. ఇవాళ్టి తేదీ వేస్తే చాలు, మిగతాదంతా నాకు నోటికొచ్చు."